పాత పచింకో మెషిన్ కొనేముందు దాని కరెంటు సంగతి తేల్చుకోవడం ఎలా

అమెరికాలో గ్యారేజ్ సేల్స్ చుట్టూ తిరిగే అలవాటున్న మనవాళ్లకు ఈ మెషిన్ ఎప్పుడో ఒకప్పుడు కంటపడే ఉంటుంది. నిలువుగా నిలబెట్టిన చెక్క పెట్టె, ముందు గాజు తలుపు, లోపల వందలకొద్దీ సన్నటి ఇత్తడి మేకులు, వాటి మధ్య రంగురంగుల ప్లాస్టిక్ పువ్వులు, కింద కుడివైపు బొటనవేలితో నొక్కే చిన్న మీట. అదే పచింకో, ఉక్కు బంతుల్ని పైకి కొట్టి గుంతల్లో పడేలా ఆడే జపాన్ ఆట మెషిన్. జపాన్ పార్లర్లలో, అంటే ఈ ఆట ఆడే హాళ్లలో, కొత్త మెషిన్లు వచ్చినప్పుడల్లా పాతవి తీసేసేవారు. 1970లలో అలా తీసేసినవి ఓడలెక్కి అమెరికా చేరాయి, అక్కడి ఇళ్ల బేస్‌మెంట్లలో ఆటవస్తువులుగా స్థిరపడ్డాయి. ఇప్పుడు ఆ ఇళ్లు ఖాళీ అవుతున్న కొద్దీ ఒక్కొక్కటే మళ్లీ అమ్మకానికి వస్తున్నాయి. జపాన్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చే తెలుగువాళ్లలో కూడా ఒకటి ఇంటికి తెచ్చుకోవాలని ముచ్చటపడేవాళ్లు ఉన్నారు.

అమ్మకం ప్రకటనల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: "కరెంటు పెట్టి చూడలేదు, పనిచేస్తుందో లేదో తెలియదు." కొన్ని మెషిన్ల విషయంలో ఆ మాటకు అర్థమే లేదు, ఎందుకంటే వాటికి ఆడటానికి కరెంటు అక్కర్లేదు. మరికొన్నిటి విషయంలో మీ డబ్బంతా ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది. మీ ముందున్నది ఏ రకమో ధర మాట్లాడకముందే తేల్చుకోవాలి. అదేమంత కష్టం కాదు. ఒక ఫొటో, ఒక చిన్న లెక్క చాలు.

ముందు: బంతి ఎలా ఎగురుతుందో చూడండి

ముందువైపు ఫొటోలో కుడివైపు కింది మూల చూడండి. అక్కడ చిన్న మీట ఉండి, దాన్ని కిందికి నొక్కి వదిలితే స్ప్రింగు బలంతో బంతి పైకి ఎగిరేలా ఉంటే అది పాత మెకానికల్ మెషిన్. 1960లు, 1970ల నాటివి ఎక్కువగా ఇవే. అమెరికాలో ఎక్కువగా దొరికేవాటిలో నిషిజిన్ కంపెనీవి చాలా ఉంటాయి, సాంక్యో, హేవా లాంటి పేర్లూ కనిపిస్తాయి.

మీట బదులు గుండ్రటి పిడి ఉంటే అది ఎలక్ట్రిక్ హ్యాండిల్. చేత్తో పట్టుకుని కాస్త తిప్పి ఉంచితే మోటారు ఒకదాని వెంట ఒకటిగా బంతుల్ని తనే కొడుతుంది. కరెంటు లేకపోతే ఇందులో ఒక్క బంతి కూడా కదలదు.

గుండ్రటి పిడితో పాటు మధ్యలో అంకెలు తిరిగే భాగం గానీ, తెరుచుకుని మూసుకునే రెక్కలు గానీ ఉంటే అది 1980లలోకి వచ్చేసిన మెషిన్ అనుకోవచ్చు. 1980లో సాంక్యో తెచ్చిన ఫీవర్‌తో మూడు 7లు పడితే కింద పెద్ద తలుపు తెరుచుకునే ఆట మొదలైంది. మరుసటి ఏడాది హేవా కంపెనీ జీరో టైగర్‌తో రెక్కల మెషిన్లు వచ్చాయి. వీటిలో సొలినాయిడ్లు (కరెంటు ఇస్తే లోపలి కడ్డీని లాగే కాయిల్స్), మోటార్లు, సర్క్యూట్ బోర్డులు అన్నీ ఉంటాయి. ఆటంతా కరెంటు మీదే.

1992 తర్వాత వచ్చిన కార్డు మెషిన్లది వేరే కథ. వాటిని సీఆర్ మెషిన్లు అంటారు. కరెంటు సరిగ్గా ఇచ్చినా పక్కన కార్డు యూనిట్ కనెక్షన్ లేకపోతే లైట్లు వెలుగుతాయి గానీ బంతి ఎగరదు. దానికి బైపాస్ కనెక్టర్ కావాలి, కార్డు యూనిట్ ఉన్నట్టే మెషిన్‌ను నమ్మించేది. అలాంటిది కొంటుంటే అది ఇస్తారా అని అడగండి.

తర్వాత: వెనుక వైపు ఫొటో అడగండి

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. అమ్మేవాళ్లు ముందువైపు ఫొటోలు అందంగా పది పెడతారు, వెనుక వైపు ఒక్కటీ పెట్టరు. నిజం మొత్తం వెనకే ఉంటుంది.

మెకానికల్ మెషిన్ వెనుక పైన బంతులు నింపే తొట్టి, అక్కడి నుంచి కిందికి దిగే ప్లాస్టిక్ దారులు, మధ్యలో బంతులు లెక్కగట్టి ఇచ్చే త్రాసులాంటి చేయి, ఒక చిన్న గంట కనిపిస్తాయి. వైర్లు మాత్రం నాలుగైదుకు మించవు. అవి కూడా సాధారణంగా రెండు బల్బుల దగ్గరికే పోతాయి. ఒక బల్బు బంతి గెలుపు గుంతలో పడ్డప్పుడు వెలుగుతుంది. రెండోది వెనుక తొట్టిలో బంతులు అయిపోతే, పార్లర్‌లో పనివాళ్లకు తెలియడానికి. గంట మోగడం కూడా మెకానిజమ్ పనే, దానికి కరెంటుతో పనిలేదు.

వెనుక పచ్చటి బోర్డులు, రాగి తీగ చుట్టిన కాయిల్స్, గుత్తులుగా వైర్లు, ప్లాస్టిక్ కనెక్టర్లు ఉంటే అది ఎలక్ట్రిక్ రకం. అప్పుడు దగ్గరి నుంచి ఇంకో ఫొటో అడగండి. వైర్లు లోపలికి వచ్చే చోట, ఫ్యూజు పక్కన, బోర్డు అంచున ఎక్కడో "ఏసీ 24 వోల్ట్స్" అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసి ఉండటం మామూలు. ఇక్కడ ఏసీ అంటే గోడ సాకెట్లో వచ్చేలాంటి, దిశ మారుతూ ఉండే కరెంటు. బ్యాటరీ ఇచ్చే ఒకే దిశ కరెంటు డీసీ.

కాగితం స్టిక్కర్ ఏదైనా ఉంటే దాన్నీ ఫొటో తీయమనండి. జపాన్ వాళ్లు ఏళ్లను చక్రవర్తి కాలంతో లెక్కిస్తారు. షోవా అని రాసి 48 అని ఉంటే, దానికి 1925 కలపండి, 1973 వస్తుంది. హేసే అని ఉంటే 1988 కలపాలి. అక్షరాలు చదవడానికి ఫోన్ కెమెరాలో అనువాదం చేసే యాప్ సరిపోతుంది. మెషిన్ వయసు తెలిస్తే అది ఏ రకమో మీరు వేసిన అంచనా సరైనదో కాదో కూడా తేలిపోతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం నిజంగా ప్రమాదం. పాత మెకానికల్ మెషిన్‌కు గోడ సాకెట్లో పెట్టే మామూలు ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తే జాగ్రత్త. పార్లర్‌లో ఈ మెషిన్లకు తక్కువ వోల్టేజీ బయటి నుంచే వచ్చేది, మెషిన్‌కు సొంత ప్లగ్గు ఉండేది కాదు. కాబట్టి ఆ ప్లగ్గు తర్వాత ఎవరో పెట్టిందే. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉందా? ఉంటే ఎక్కడ? నేను చూసిన ఒక దానిలో చెక్క పెట్టె లోపల మేకులతో కొట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని మీద పేరూ లేదు, అంకే లేదు. వైరు మీది ప్లాస్టిక్ గట్టిపడిపోయి, వేలితో వంచగానే చిట్లి లోపలి రాగి బయటపడింది. అలాంటిది ఎదురైతే ప్లగ్గు పెట్టకుండానే ఆ వైరు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ రెండూ తీసి పారేయండి. మెషిన్‌కు వాటితో ఏ సంబంధమూ లేదు.

మెకానికల్ మెషిన్ అయితే: బల్బు మెడ చదవండి

ఈ రకం కొంటున్నారంటే సగం టెన్షన్ తీరినట్టే. కరెంటు లేదన్న మాట పక్కన పెట్టి, అమ్మేవారి ఇంటికి వెళ్లినప్పుడు బంతులు వేసి ఆడి చూడండి. బంతులు 11 మిల్లీమీటర్ల ఉక్కువి. అమ్మేవాళ్ల దగ్గర లేకపోతే మీరే కొన్ని కొని వెంట తీసుకెళ్లండి. మెషిన్‌ను నిలువుగా, ఏ కాస్తో వెనక్కి వాలేలా ఆనించండి. మీట నొక్కితే బంతి పై వంపు దాకా వెళుతోందా, గుంతలో పడితే ముందు పళ్లెంలోకి బంతులు గలగలా వస్తున్నాయా, గంట మోగుతోందా? ఈ మూడూ జరిగితే మెషిన్ బాగున్నట్టే. బల్బులు వెలగకపోవడం చిన్న రిపేరు.

ఆ రిపేరు ఇలా చేయండి. బల్బును మెల్లగా హోల్డర్ నుంచి తీసి, గాజుకు కింద ఉన్న లోహపు మెడను వెలుతురులో తిప్పి చూడండి. చాలా సన్నగా, చెక్కినట్టు రెండు అంకెలు ఉంటాయి: ఒకటి వోల్టేజీ, ఒకటి కరెంటు. 6.3 వోల్ట్స్, 0.15 ఆంప్స్ అన్నట్టుగా. తుప్పు పట్టి కనిపించకపోతే మెత్తటి గుడ్డతో తుడిచి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. గరుకు కాగితంతో రుద్దితే అంకెలే పోతాయి, ఆ పని చేయకండి.

అంకెలు దొరకలేదా? నాలుగు ఏఏ బ్యాటరీల హోల్డర్‌తో మొదలుపెట్టండి, అది 6 వోల్ట్స్. బల్బుకు ఏసీ అయినా డీసీ అయినా ఒకటే, ప్లస్ మైనస్ పట్టింపు లేదు. చక్కగా వెలిగితే అదే మీ వోల్టేజీ. ఎర్రగా, దీపం వత్తి ఆరిపోతున్నట్టు వెలిగితే ఆ బల్బు ఇంకా ఎక్కువ వోల్టేజీది, అప్పుడు 9, తర్వాత 12 చూడండి. కింది నుంచి పైకి వెళితే ఏదీ కాలదు. నేరుగా 12తో మొదలుపెడితే 6 వోల్ట్స్ బల్బు ఒక్క మెరుపుతో పోతుంది. యాభై ఏళ్ల బల్బు అలా పోతే మనసు చివుక్కుమంటుంది.

బల్బు బాగానే ఉంది, బ్యాటరీ ఉంది, అయినా వెలగడం లేదంటే తప్పు స్విచ్చిలో ఉంటుంది. బంతులిచ్చే చేయి కదిలినప్పుడు రెండు పలచటి లోహపు రేకులు ఒకదాన్నొకటి తాకాలి. ఏళ్ల తరబడి గాలికి వాటి మీద నల్లటి పొర కట్టి ఉంటుంది. ఒక గట్టి తెల్ల కాగితం ముక్కను ఆ రేకుల మధ్య పెట్టి, రేకుల్ని మెల్లగా నొక్కి, కాగితాన్ని బయటికి లాగండి. కాగితం మీద నల్ల గీత పడుతుంది. నాలుగైదు సార్లు చేస్తే గీత పలచబడుతుంది, బల్బు వెలుగుతుంది. ఆ రేకుల్ని వంచడం, ఫైలుతో గీకడం వద్దు.

గెలుపు బల్బు క్షణకాలమే వెలుగుతుంది కాబట్టి బ్యాటరీకి పెద్ద భారం కాదు. బంతులు అయిపోయాయని చెప్పే బల్బు అలా కాదు, తొట్టి ఖాళీగా ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. రాత్రి అలా వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. మధ్యలో ఓ చిన్న ఆన్ ఆఫ్ స్విచ్చి పెట్టుకోండి. నెలల తరబడి ఆడకపోతే బ్యాటరీలు తీసేయండి, కారితే హోల్డర్ పాడవుతుంది. ఎల్‌ఈడీ బల్బులు వేయాలనుకుంటే ప్లస్ మైనస్ చూసి పెట్టాలన్నది గుర్తుంచుకోండి. నాకైతే పాత బల్బు పసుపు వెలుగే ఇష్టం. ఆ రంగు ప్లాస్టిక్ వెనుక ఎల్‌ఈడీ తెలుపు పాలిపోయినట్టు ఉంటుంది.

ఎలక్ట్రిక్ మెషిన్ అయితే: 24 వోల్ట్స్, అదీ ఏసీ

జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్ట్స్. టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా, నగోయా వైపు 60 హెర్ట్జ్. పార్లర్లలో మాత్రం మెషిన్ల వరసకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 24 వోల్ట్స్ ఏసీకి దించి ఒక్కో మెషిన్‌కు ఇస్తారు. కాబట్టి ఈ తరం మెషిన్ అడిగేది 24 వోల్ట్స్ ఏసీ. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 24 వోల్ట్స్ అనగానే ల్యాప్‌టాప్ చార్జర్ లాంటి డీసీ అడాప్టర్ కొనేస్తారు.

నేనూ ఒకసారి అలాగే మోసపోబోయాను. అమ్మిన వ్యక్తి ఒక రెక్కల మెషిన్‌కు 12 వోల్ట్స్ డీసీ అడాప్టర్ కట్టి ఇచ్చాడు. పెడితే రెండు లైట్లు మిణుకుమన్నాయి, పిడి తిప్పితే చప్పుడు లేదు. బోర్డు పోయిందని, విడిభాగాల ధరకే ఇస్తానని అన్నాడు. ఇంటికొచ్చి వెనుక విప్పి చూస్తే, వైరు కనెక్టర్ పక్కనే ఏసీ 24 అని ముద్ర ఉంది. సరైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టగానే రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. ఆయన కావాలని చెప్పిన అబద్ధం కాదది, తెలియక అన్నది. కానీ అలాంటి మాట నమ్మి మంచి మెషిన్లు చెత్తకుప్పకు పోతుంటే బాధగా ఉంటుంది.

అమ్మేవాళ్లు "ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇస్తాం" అంటే దాని మీద రాసింది ఫొటో తీసి పంపమనండి. ఇన్‌పుట్ ఎంత, అవుట్‌పుట్ ఎంత అన్న రెండు అంకెలూ కావాలి. జపాన్‌లో ఇంట్లో వాడుకోవడానికి అమ్మే ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్ 100 వోల్ట్స్‌కు చేసింది. దాన్ని అమెరికాలో 120కి పెడితే అవుట్‌పుట్ కూడా అదే నిష్పత్తిలో పెరిగి 28.8 అవుతుంది. మెషిన్ లోపల ఆ ఏసీని డీసీగా మారిస్తే దాని శిఖరం, అంటే గరిష్ఠ వోల్టేజీ, 1.414 రెట్లు, అంటే 24కి దాదాపు 34, 28.8కి దాదాపు 41. లోపల 35 వోల్ట్స్ వరకే అని రాసిన కెపాసిటర్ (కరెంటును నిల్వ పట్టే భాగం) ఉంటే అది ఎన్నాళ్లు తట్టుకుంటుందో మీరే ఊహించండి. అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను మన ఊళ్లో 230కి పెడితే 55 వోల్ట్స్ వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్, మెషిన్ రెండూ క్షణాల్లో కాలిపోతాయి. అమెరికాలో కొన్న 120 వోల్ట్స్ ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా మెషిన్‌ను సామాన్లలో ఇండియాకు పంపేవాళ్లకూ ఇదే హెచ్చరిక: 46 వోల్ట్స్ వస్తాయి.

అందుకని ఎక్కడ వాడతారో ఆ దేశపు ట్రాన్స్‌ఫార్మరే కొనండి. మెషిన్ మారదు, ట్రాన్స్‌ఫార్మర్ మారుతుంది.

ఎంత పెద్దది కావాలి?

మెషిన్ ఫ్యూజు తీసి దాని లోహపు టోపీ మీది అంకె చదవండి. 3 ఆంప్స్ అని ఉందనుకోండి, 24ను 3తో గుణిస్తే 72. అంటే 72 వీఏకు (వోల్ట్స్‌ను ఆంప్స్‌తో గుణించిన కొలత) తగ్గని ట్రాన్స్‌ఫార్మర్. 75 లేదా 100 వీఏ తీసుకుంటే నిశ్చింత. పెద్దది తీసుకున్నంత మాత్రాన మెషిన్‌లోకి ఎక్కువ కరెంటు దూసుకుపోదు, మెషిన్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. చిన్నది తీసుకుంటేనే తంటా. సొలినాయిడ్ లాగిన ప్రతిసారీ లైట్లు మసకబారతాయి, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది.

అమెరికాలో ఇళ్ల హీటింగ్, ఎయిర్ కండిషనింగ్ యూనిట్లలో వాడే 24 వోల్ట్స్ ఏసీ, 40 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ హార్డ్‌వేర్ షాపుల్లో సులువుగా దొరుకుతుంది. దాని నుంచి వచ్చేది 1.67 ఆంప్స్. ఫ్యూజు అంకె అంతకు లోపే ఉంటే అది చాలు. డోర్‌బెల్ ట్రాన్స్‌ఫార్మర్లు వద్దు, చాలావాటి వోల్టేజీ, శక్తి రెండూ తక్కువ.

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. 230 ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే వైపు), 24 వోల్ట్స్ 4 ఆంప్స్ సెకండరీ (బయటికి ఇచ్చే వైపు) కావాలని ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లకు చెబితే చుట్టి ఇస్తారు. రెడీమేడ్‌గా 12-0-12 ఇస్తే తీసుకోవచ్చు, అది కూడా 24 ఇస్తుంది. అందులో మూడు వైర్లు ఉంటాయి. చివరి రెండు మెషిన్‌కు కలపాలి, మధ్యది టేపు చుట్టి వదిలేయాలి. మధ్య వైరు, చివరి వైరు కలిపితే 12 మాత్రమే వస్తుంది. 230 నుంచి 110కి దించే "కన్వర్టర్లు" మన మార్కెట్లో చాలా దొరుకుతాయి గానీ వాటిలో ఎక్కువ ఆటోట్రాన్స్‌ఫార్మర్లు, లోపల ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఒకే తీగ. దాని వెనుక అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి గొలుసు కట్టే బదులు, ప్రైమరీ, సెకండరీ విడివిడిగా చుట్టిన ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవడం మేలు.

మెషిన్ వైపు 24 వోల్ట్స్ వైర్లకు గోడ సాకెట్లో పట్టే ప్లగ్గు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మీకు తెలుసు, కానీ ఇంటికొచ్చిన చుట్టానికో, పిల్లలకో తెలియదు. స్క్రూ కనెక్టర్ గానీ, గోడలో పట్టని వేరే ఆకారం కనెక్టర్ గానీ పెట్టండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

మెషిన్‌కు కలపకముందే ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్‌ను మల్టీమీటర్‌తో, ఏసీ మీద పెట్టి కొలవండి. 26, 27 కనిపిస్తే కంగారుపడకండి. భారం లేనప్పుడు కాస్త ఎక్కువే చూపిస్తుంది, మెషిన్ కలిపాక 24 దరిదాపులకు దిగుతుంది. 30 దాటితే మాత్రం ఆపేసి ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసింది మళ్లీ చదవండి.

మన ఎలక్ట్రీషియన్ల దగ్గర సీరీస్ బోర్డు ఉంటుంది కదా, కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లి వస్తువుకు చేరేలా కట్టినది, రిపేరుకొచ్చిన వస్తువును మొదట దాని ద్వారానే పెట్టి చూస్తారు. ఇక్కడా అదే పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు 60 వాట్స్ ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో వచ్చేలా పెట్టించండి. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే లోపల షార్ట్ లేనట్టే. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి, ఎక్కడో వైర్లు కలుసుకున్నాయి. మెయిన్స్ వైర్లు ముట్టుకునే అలవాటు లేకపోతే ఈ ఒక్క పనికి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

సీరీస్ బల్బు ఉన్నంతసేపూ మెషిన్‌కు పూర్తి వోల్టేజీ అందదు, కాబట్టి ఆట చూడాలంటే దాన్ని తీసేసి నేరుగా ఇవ్వాలి. ఫ్యూజు పాతదే ఉంటే అదే విలువది కొత్తది వేయండి. పోయిన ఫ్యూజు చోట వెండి కాగితం చుట్టి ఉన్న మెషిన్లు చూశాను. అది కనిపిస్తే ఫ్యూజు ఎందుకు పోయిందో తెలిసేదాకా ఆన్ చేయకండి.

అన్నీ సరిపోతే పిడి తిప్పి బంతులు వదలండి, గంటసేపు ఆడండి. తర్వాత కరెంటు తీసేసి ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సైజు సరిపోయింది. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే దాన్ని మార్చి, పై సైజుది తెచ్చుకోండి.